ఒంటిగంటకు ఆపాలి

మా ఆయన బతికున్నంతకాలం మా ఇంటి గడప ఏ మెకానిక్కూ తొక్కలేదు. తొక్కితే అది ఆయనకు ఓటమి. కుళాయి కారినా, మిక్సీ కాలినా, ఫ్యాన్ మూలిగినా ముందు స్క్రూడ్రైవర్ బయటికి వచ్చేది. తరవాత ఫోన్ వచ్చేది. ఫోన్‌లోంచి ఎవరో "హాయ్ ఫ్రెండ్స్" అనేవాడు.

ఆ మనుషుల గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. చేతులు మాత్రమే కనిపిస్తాయి. ఏ పనైనా ఐదు నిమిషాల్లో అయిపోతుందంటారు. పని మధ్యలో వీడియో కోసిన చోటు ఒకటి ఉంటుంది. కోయకముందు సామాను విప్పి ఉంటుంది, కోసిన తరవాత బిగించి ఉంటుంది. ఆ మధ్యలో ఏం చేశాడో చూపించడు. మా ఇంట్లో సగం వస్తువులు ఆ కోసిన చోటే ఆగిపోయాయి.

ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. గుంటూరు వైపు నుంచి తొంభైల్లో హైదరాబాదు వచ్చి, కొన్నాళ్లు అద్దె ఇళ్లలో ఉండి, మొయినాబాద్‌లో స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. స్క్రూడ్రైవర్ పట్టుకునే అర్హత అందులోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. అడిగితే "లాజిక్ ఒకటే" అనేవాడు.

ఫ్రిజ్ మాది ఒంటి తలుపుది. ముందు దాని తలుపు రబ్బరు వదులైంది. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో రబ్బరును వేడిచేసి, వేలితో సాగదీసి, వాజిలిన్ రాశాడు. తలుపు రెండు రోజులు అతుక్కుని ఉంది. మూడో రోజు తలుపు మళ్లీ తెరుచుకుంది. అప్పుడు తలుపుకు ఆనించి భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి జరిపి పెట్టాడు. ఆ కుర్చీ ఇప్పటికీ అక్కడే ఉంది. మా ఇంట్లో కూర్చోవడానికి మూడు కుర్చీలు, తలుపు మూయడానికి ఒకటి.

ఆ తరవాత ఒక ఎండాకాలం థర్మోస్టాట్ పోయింది. చల్లదనం సరిపోగానే మోటారును ఆపి, తగ్గగానే మళ్లీ నడిపే చిన్న భాగం అది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, తోకలా ఒక సన్నటి రాగి గొట్టం ఉంటుంది. దాన్ని మార్పించుకుంటే సరిపోయేది. మా ఆయన దానికి వెళ్లే రెండు తీగల్ని విప్పి, ఒకదానికొకటి కలిపి, నల్ల టేపు చుట్టాడు. మోటారు నడిచింది. "చూశావా" అన్నాడు. సాయంత్రానికి పాలు గడ్డకట్టాయి, టమాటాలు రాళ్లయ్యాయి. ఆపేవాడు లేడు కదా, మోటారు నడుస్తూనే ఉంది.

ఓడిపోయానని ఒప్పుకునే మనిషైతే అక్కడితో అయిపోయేది. ఆయన సెలవు పెట్టి రెండు రోజులు పరిశోధన చేశాడు. లోపల గోడకు తగిలించే థర్మామీటరు పెట్టి, గంటకోసారి తీసి, నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. చివరికి ఫ్రిజ్ పక్క రేకు మీద పెన్సిల్‌తో ఒక పట్టిక రాశాడు. ఆరింటికి వేయాలి, తొమ్మిదికి ఆపాలి. పదకొండింటికి వేయాలి, ఒంటిగంటకు ఆపాలి. అలా రాత్రి పడుకునేదాకా. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కింద గీత కూడా గీశాడు.

"కొన్నాళ్లే. మంచి పార్టు దొరికేదాకా" అన్నాడు.

పొద్దున తొమ్మిదికి ఆయన ఆఫీసు బస్సులో ఉండేవాడు. ఎవరు వేయాలో, ఎవరు ఆపాలో మేం మాట్లాడుకోలేదు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి, అప్పటికే మానేసి ఇంట్లో ఉన్నాను. ఆయన ఫ్రిజ్ బాగుచేయలేదు. నన్ను తీసుకెళ్లి అందులో బిగించాడు. పదకొండేళ్లు ఆ థర్మోస్టాట్ నేనే.

ఎందుకు ఒప్పుకున్నావని ఎవరైనా అడిగితే నా దగ్గర గొప్ప జవాబు లేదు. మొదట నవ్వులాటగా ఉండేది. తరవాత అలవాటైంది. ఆ తరవాత బయటికి చెప్పుకోవడానికి సిగ్గేసింది. చుట్టాలు వచ్చినప్పుడు మంచినీళ్లు తెస్తానని లేచి స్విచ్ ఆపేదాన్ని. చేవెళ్ల వెళ్లాలంటే పదకొండు తరవాత బయల్దేరి ఒంటిగంటలోపు తిరిగి రావాలి. అటో అరగంట, ఇటో అరగంట బస్సుకు పోతే అక్కడ చేతిలో మిగిలేది గంట. ఆ గంటలోనే కూరగాయలు, బ్యాంకు, గ్రంథాలయం. గ్రంథాలయంలో కూర్చుని చదివింది తక్కువ. పుస్తకం సంచిలో వేసుకుని పరుగెత్తింది ఎక్కువ. ఆయన మాత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, "మా ఫ్రిజ్‌కు ఇంతవరకు మెకానిక్ చెయ్యి పడలేదు" అని. నిజమే. పడిన చెయ్యి నాది.

తరవాత ఆయనకు ఇన్సులిన్ మొదలైంది. అక్కడితో నవ్వులాట పోయింది. ఇన్సులిన్ చల్లగా ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకడితే, కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది, పనిచేయదు. సీసాలు పై అరలో, ఫ్రీజర్ కింద, స్టీలు డబ్బాలో ఉండేవి. ఆ చోటు కూడా ఆయన ఎంచిందే. ఇప్పుడన్నా మెకానిక్‌ను పిలుద్దామన్నాను. "నువ్వు చూసుకుంటున్నావు కదా, ఇంకెందుకు" అన్నాడు. అది మెప్పు అనుకున్నాను. ఆ మాటకు ఇప్పుడు కూడా నామీద నాకు కోపం వస్తుంది.

రెండేళ్ల కిందట ఒక రోజు పదకొండింటికి స్విచ్ వేసి చేవెళ్ల వెళ్లాను. గ్రంథాలయంలో ఒక నవల తీసి, బస్సుకు ఇంకా టైముంది కదా అని నాలుగు పేజీలు చదువుదామని కూర్చున్నాను. తల ఎత్తేసరికి గోడ గడియారంలో నాలుగైంది. ఇంకా ఆరు పేజీలున్నాయి. పుస్తకం బల్లమీద వదిలేసి రోడ్డు మీదికి వచ్చాను. బస్సు రాలేదు. ఆటో ఎక్కి ఇంటికి చేరేసరికి ఐదైంది. ఫ్రిజ్ నడుస్తూనే ఉంది. స్టీలు డబ్బా మీద మంచు పేరుకుంది. లోపల మూడు సీసాలూ తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

ఆ రోజు ఇల్లు ఖాళీగా లేదు. కరోనా తరవాత ఆయన ఉద్యోగం ఇంట్లోకే వచ్చేసింది. ముందు గదిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటింగులో ఉన్నాడు. ఫ్రిజ్‌కు ఆయన కుర్చీకి మధ్య ఎనిమిది అడుగులుంటాయేమో. మధ్యాహ్నం అన్నం పెట్టుకోవడానికి వంటింట్లోకి వచ్చాడు కూడా. పెరుగు తీసుకున్నాడు. కుర్చీ జరిపి, తలుపు తీసి, మూసి, మళ్లీ కుర్చీ జరిపాడు.

"ఆపలేదేంటండీ?" అన్నాను.

"స్విచ్ సంగతి నువ్వే కదా చూసేది" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు.

సీసాలు పారేసి కొత్తవి తెద్దామన్నాను. ఆయన ఒక సీసా అరచేతుల మధ్య రుద్ది కరిగించి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "చూడు, నీళ్లలాగే ఉంది. మందుల కంపెనీవాళ్లు అలాగే భయపెడతారు" అన్నాడు. మరమ్మతులు చేసేవాడికి అన్నీ మరమ్మతుకు లొంగుతాయి. అదే వాడాడు. పదో రోజుకు షుగరు కొలతకు అందక, మిషన్ అంకె చూపించడం మానేసి అక్షరాలు చూపించింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదెంత బరువో అనని మాట విన్నవాళ్లకే తెలుసు. నేనే అన్నాను, నావల్లే అని. ఆయన అన్నం కలుపుకుంటూ "పోనీలే" అన్నాడు. కాదు అనలేదు. "పోనీలే" అంటే క్షమించాననే కదా. తప్పు ఎవరిదో తేలిపోయాకే క్షమించడం. అలా అది నాదని తేలిపోయింది.

తరవాత పద్నాలుగు నెలలకు ఆయన గుండెపోటుతో పోయాడు. ఆ రోజుల ఇన్సులిన్ సంగతి దీనికేమైనా కారణమా అని డాక్టరును అడిగాను. "సంబంధం లేదమ్మా" అన్నాడు, ఏదో కాగితం మీద రాస్తూ. తల ఎత్తి చెప్పి ఉంటే నమ్మేదాన్నేమో.

పరామర్శకు వచ్చినవాళ్ల గురించి ఎక్కువ రాయను. "ఎంత పనిమంతుడండీ, అన్నీ సొంతంగా చేసుకునేవాడు" అని అందరూ అన్నారు. ఒకాయన ఆ మాట అంటూ ఫ్రిజ్ ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వెనక తలుపు మెల్లగా తెరుచుకుంది. నేను లేచి వెళ్లి మూసి, చేత్తో పట్టుకుని నిలబడ్డాను, ఆయన పొగడ్త పూర్తయ్యేదాకా.

ఆయన పోయాక కూడా పట్టిక ప్రకారం స్విచ్ వేస్తూ, ఆపుతూనే ఉన్నాను. ఇప్పుడు ఫ్రిజ్‌లో అర లీటరు పాలు, కాస్త పెరుగు, నాలుగు పచ్చిమిరపకాయలు. గడ్డకడితే మాత్రం ఏం పోయింది? అయినా ఒంటిగంటకు ఎక్కడున్నా వచ్చి ఆపేదాన్ని. ఆయన మీద ప్రేమతో చేశానని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల మంచితనం. ఇప్పుడు మానేస్తే, అప్పుడే మానేయగలిగేదాన్నని ఒప్పుకోవాలి. మెకానిక్‌ను పిలవడం అంత తేలికైతే, పదకొండేళ్లలో ఏదో ఒక రోజు నేను పిలిచి ఉండాల్సింది. ఆ లెక్కన ఆ మూడు సీసాలు పూర్తిగా నావే. అందుకని ఎవరినీ పిలవలేదు.

పిలిచింది మా పక్కింటి ఆవిడ. వాళ్లకు చిన్న మంగళారం వైపు తాతల నాటి భూములున్నాయి, ఇప్పుడు వాటిలో గులాబీ తోటలు. ఆవిడ ఐదేళ్లు సర్పంచ్‌గా చేసింది. సీటు ఆడవాళ్లకు వచ్చిందని భర్త నిలబెట్టాడు, సంతకాలు ఈవిడ పెట్టింది, పంచాయతీ ఆయన నడిపాడు. ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెబుతుంది. నాకంటే పదేళ్లు పెద్దది. నన్ను టీచరమ్మ అంటుంది.

పోయిన పెళ్లిళ్ల రోజుల్లో ఒకనాడు పదకొండు దాటాక గులాబీ కట్టలు పాత పేపర్లలో చుట్టి, రెండు చంకల్లో పెట్టుకుని వచ్చింది.

"టీచరమ్మా, నీ ఫ్రిజ్‌ల జర జాగ ఉంటదా? మా ఇంట్ల రెండు నిండినయ్. రేపు పొద్దుగాల పెండ్లోళ్లు పట్టుకపోతరు."

"పెట్టండక్కా. కాకపోతే ఒంటిగంటకు ఆపాలి" అన్నాను. పదకొండేళ్లు దాచిన మాట అలా జారిపోయింది.

"ఏంది ఆపేది?"

"ఫ్రిజ్."

"ఫ్రిజ్ ఆపుడేంది?"

చెప్పాను. పట్టిక చూపించాను. ఆవిడ పూలు బల్లమీద పెట్టి, వంగి, పెన్సిల్ రాతంతా వేలు పెట్టి చదివింది.

"ఎన్నేండ్ల సంది?"

"పదకొండు."

"మా బర్రెలకు గుడ నేను ఇంత కావలి గాయలే, టీచరమ్మా." కుర్చీ లాక్కుని కూర్చోబోయింది. తలుపు తెరుచుకోవడం చూసి లేచింది. "గిదేంది, గిది గుడనా?"

"అది కూడా."

ఆవిడ నడుంమీద చేతులు పెట్టుకుని నావైపు చూసింది. "మా ఆయన నాకు రబ్బర్ ముద్ర ఇచ్చిండు, మీ ఆయన నీకు స్విచ్ ఇచ్చిండు. నాదన్న ఐదేండ్లకు దిగిపోయింది. సారు వోయి తొమ్మిది నెలలాయె. ఇంక ఎవరి కోసం ఆపుతున్నవ్?"

ఆవిడ జవాబు కోసం ఆగే మనిషి కాదు. అప్పటికే ఫోన్ చెవి దగ్గర ఉంది. "అన్నా, యాడున్నవ్? చేవెళ్లలనేనా? మొయినాబాద్ రా, మా పక్కింట్ల ఫ్రిజ్ ఖరాబున్నది. సాయంత్రం గాదు, ఇప్పుడే. నా పూలు వాడితే నీ మీదికే వస్త."

గంటలో మెకానిక్ స్కూటర్ మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, కళ్లజోడుకు దారం కట్టుకున్నాడు. లోపలి డబ్బీ మూత విప్పి, నల్ల టేపు చూశాడు.

"ఎవరు చేసిండ్రమ్మా గిది?"

"ఎవరు చేస్తే నీకేంది? నువ్ చెయ్" అంది ఆవిడ.

"దండం పెడదామని అడుగుతున్నమ్మా. గిట్ల డైరెక్ట్ చేసినయి మస్తు చూసిన. రెండు దినాలు నడుపుకొని నన్ను పిలుస్తరు. గిన్నేండ్లు ఎవ్వరు నడుపలే. మోటరు గట్టిది."

"మోటరు గాదు, టీచరమ్మ గట్టిది."

"ఎంతసేపు పడుతుంది?" అన్నాను.

"చాయ్ పోస్తే పది నిమిషాలు. పొయ్యకుంటే గుడ పదే."

చాయ్ పెట్టాను. పాలు పొంగేలోపు అతను పాత భాగం తీసి కొత్తది పెట్టేశాడు. తలుపు రబ్బరు కూడా మారుస్తాను, రేపు తెస్తానన్నాడు. పది నిమిషాలు కూడా కాలేదు. పొయ్యి ముందు నిలబడి ఆ పది నిమిషాల్ని తలుచుకుంటుంటే ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, మూతకు రెండు స్క్రూలు తక్కువున్నయ్. ఇంట్ల పాతవేమన్న ఉన్నయా?"

మా ఆయన సామాన్లన్నీ ఒక పెద్ద బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. ఆయన పోయాక నేను దాన్ని తెరవలేదు. తెచ్చి ఇచ్చాను. అతను పేపరు పరిచి కుమ్మరించాడు. ఫ్యూజు తీగ, కుళాయి వాషర్లు, రిమోట్ స్ప్రింగులు, దేనివో తెలియని మూతలు. అడుగున కాగితంలో చుట్టి ఒక పొట్లం. అతను విప్పాడు.

"గిదేందమ్మా, థర్మోస్టాట్ ఇంట్లనే ఉన్నది గదా. కొత్తదే."

చేతిలోకి తీసుకున్నాను. చుట్టిన కాగితం చేవెళ్ల షాపు రసీదు. దానిమీది తేదీ ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తరవాతి వారంది. ఆ వారం నాకు గుర్తుంది. ఆధార్ పని ఉందని ఆయన ఒక్కడే చేవెళ్ల వెళ్లాడు. నడవడానికే ఓపిక లేనివాడు, బస్సులో వెళ్లాడు. ఆధార్‌లో ఏం మార్చుకోవాలో నేను అడగలేదు.

"మరి ఇది ఎందుకు పెట్టలేదు?" అన్నాను.

మెకానిక్ దాన్ని తిప్పి చూశాడు. "గిది పట్టదమ్మా. డబుల్ డోర్‌ది. దీని గొట్టం పొడుగు. ఇగో, ఈడ వంకర చూడుండ్రి. వంచి ఎట్లనన్న దూర్చుదామని చూసిండు సారు. రెండు మూడు సార్లు చూసినట్టున్నది."

"పట్టకుంటే వాపస్ ఇచ్చి వేరేది తేవొచ్చు గదా" అంది ఆవిడ.

"వంగినంక ఎవరు తీసుకుంటరమ్మా?"

"వంచకముందు అడగొచ్చు గదా."

"గది సారు అడగాలె" అన్నాడు మెకానిక్. అతనికి స్క్రూలు దొరికాయి. మూత బిగించాడు.

నేను ఏడవలేదు. నాకు వచ్చింది కోపం. ఆయనకు తెలుసు. ఆ మూడు సీసాలు గడ్డకట్టింది నేను ఆలస్యంగా వచ్చినందుకు మాత్రమే కాదని, ఎనిమిది అడుగులు నడవనందుకని, అంతకంటే ముందు నల్ల టేపు చుట్టినందుకని ఆయనకు తెలుసు. తెలిసే చేవెళ్ల వెళ్లాడు. నేను నిద్రపోయినప్పుడో, కూరగాయలకు వెళ్లినప్పుడో మూత విప్పి ప్రయత్నించాడు. పట్టలేదు. మళ్లీ టేపు చుట్టి, ఆ రెండు స్క్రూలు ఎక్కడో పోగొట్టి, పొట్లం డబ్బా అడుగున పెట్టేశాడు. ఆ తరవాత పద్నాలుగు నెలలు నా చేతి అన్నం తింటూ, ఒంటిగంటకు నేను లేచి వెళ్లడం చూస్తూ కూర్చున్నాడు.

నోరు తెరిచి ఒక్క మాట చెప్పడానికి ఏ పార్టూ అక్కర్లేదు. చేతకాకపోతే చేతకాలేదని అనొచ్చు. ఆయన అది అనలేడు. క్షమాపణ కూడా సొంతంగా, ఇంట్లోనే, ఎవరికీ తెలియకుండా చేసుకోవాలనుకున్నాడు. అది కూడా తప్పు మోడల్ తెచ్చాడు.

అయినా ఆ వంకర గొట్టం చేతిలో పట్టుకుంటే, నా తప్పు ఎంతో మొదటిసారి కొలత తెలిసింది. నాది ఉంది. ఆ రోజు ఒంటిగంట దాటాక ఫ్రిజ్ నడిచిన నాలుగు గంటలు ఉన్నాయి. మిగతాది ఆయన బిస్కెట్ డబ్బాలో ఉంది. రెండేళ్లు మొత్తం నేనే మోశాను.

"గిది పారెయ్యాల్నా అమ్మా?" అన్నాడు మెకానిక్.

"ఉండనివ్వండి" అన్నాను.

ఆవిడ గులాబీ కట్టలు ఫ్రిజ్‌లో సర్దింది. మిగిలిన చాయ్ తాగుతూ గడియారం వైపు, నావైపు మార్చి మార్చి చూసింది. ఒంటిగంటకు ఇంకా పావుగంట ఉందనగా ఫ్రిజ్ టక్కుమని తనంతట తానే ఆగింది. నేను అప్పటికే సగం లేచి ఉన్నాను.

"కూసో టీచరమ్మా" అంది ఆవిడ. "దానికి దెల్సు."

కూర్చున్నాను. ఫ్రిజ్ ముందు కుర్చీలోనే, తలుపుకు వీపు ఆనించి. రబ్బరు ఇంకా రాలేదు కదా.

మర్నాడు ఇన్సులిన్ సంగతంతా ఆవిడకు చెప్పాను. ఆవిడ విని, "సారుకు నోరు లేకపాయె, నీకు గుడ లేకపాయె. ఇద్దరు మంచిగనే దొరికిండ్రు" అంది. ఇంతకంటే సరైన పరామర్శ నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ వారంలోనే పదింటి బస్సుకు చేవెళ్ల వెళ్లాను. గ్రంథాలయంలో ఆ నవల అదే అరలో ఉంది. రెండేళ్లుగా దాని పక్కకు పోలేదు. మిగిలిన ఆరు పేజీలు కూర్చుని చదివాను. చివర అందరూ అందరినీ క్షమించేశారు. ఏమంత గొప్పగా లేదు. పుస్తకం అరలో పెట్టేసి ఇంకొకటి తీసుకున్నాను. గోడ గడియారంలో ఒంటిగంట దాటింది. చూశాను, మళ్లీ పేజీలోకి వచ్చాను. ఇంటికి సాయంత్రం బస్సుకు వెళ్లాను.